నిలిపి పెట్టిన అచ్చు

పొద్దున ఎనిమిదిన్నరకు ఆదోని జిన్నింగు మిల్లు గేటు దగ్గర వేలిముద్ర యంత్రం మద్దమ్మ బొటనవేలిని ఒప్పుకోదు. రెండు చేతుల బొటనవేళ్ళూ, చూపుడువేళ్ళూ అంతే. ముప్ఫై రెండేళ్ళు బూడిద అద్దుకుని నూలు పోగులు నులిమిన వేళ్ళు అవి. గీతలు అరిగిపోయాయి. చేరిన మొదటి రోజు గేటు దగ్గరి మనిషి చేతులు కడుక్కుని రమ్మన్నాడు, గుడ్డతో తుడుచుకోమన్నాడు, చివరికి విసుగొచ్చి చిటికెన వేలు పెట్టించాడు. పచ్చ దీపం వెలిగింది. అప్పటి నుంచి మిల్లు రికార్డులో మద్దమ్మ అంటే ఆ చిటికెన వేలే.

ఆమెకు యాభై నాలుగేళ్ళు. ఎమ్మిగనూరులో ఏడింటి బస్సెక్కి ఆదోని వస్తుంది. మిల్లులో కుప్పపోసిన పత్తిలోంచి ఎండాకులు, గోనె పీచు, ప్లాస్టిక్ సంచుల దారాలు ఏరుతుంది. సాయంత్రం దాకా ముక్కుకు కొంగు కట్టుకునే ఉండాలి. ఈ పనికి మూడేళ్ళ కిందట వచ్చింది. అంతకుముందు ఆమె అతుకు మనిషి.

ఆ పని ఏమిటో తెలియాలంటే మగ్గం గురించి ఒక సంగతి చెప్పాలి. మగ్గానికి నిలువునా ఎక్కించిన పోగుల వరుసను పడుగు అంటారు. అది ముగిసిపోతున్నప్పుడు నేతగాడు చివరిదాకా నేయడు. ఇంకా జానెడు పొడవు ఉండగానే ఆపి గుడ్డ కోసుకుంటాడు. ఆ జానెడు పోగులు అచ్చులోనే ఉండిపోతాయి. అచ్చు దువ్వెన లాంటి చట్రం. పడుగులోని ప్రతి పోగూ దాని పళ్ళ సందులోంచే పోవాలి. కొత్త పడుగు వచ్చినప్పుడు, దాని పోగులను ఈ పాత పోగుల చివర్లకు ఒక్కొక్కటిగా నులిమి కలుపుతారు. ఆ తర్వాత లాగితే కొత్తవి పాతవాటి వెంబడే సందుల్లోకి వెళ్ళిపోతాయి. ఒక తువ్వాలు వెడల్పుకు పద్దెనిమిది వందల నలభై పోగులు. పాతవి లేకపోతే వాటిని సందుల్లోకి ఎక్కించడానికి ఇద్దరికి రెండు రోజులు పడుతుంది. ఉంటే, మద్దమ్మ ఒక్కతే పొద్దున కూర్చుని అన్నం వేళకు లేస్తుంది.

ఆ జానెడు పోగులను వీధిలో తోక అంటారు. తోక ఉన్నంత కాలం ఆ పని మళ్ళీ వస్తుందనే లెక్క. దాన్ని కోయడమంటే ఇక రాదని ఒప్పుకోవడం.

పెద్దకడుబూరు నుంచి పెళ్ళై వచ్చిన మద్దమ్మకు ఈ పని అత్త నేర్పింది. భర్త నేతగాడు, ఉబ్బసంతో పోయి పన్నెండేళ్ళైంది. ఆయన మగ్గం అప్పుడే అమ్మేశారు. వేళ్ళలోని పని మాత్రం మిగిలింది. ఆ వీధిలో మహేశ్వర్ కింద ఆరు మగ్గాలు నడిచేవి. ఆయన నూలు ఇచ్చి నేయించుకునే ఆసామి. ఆరు మగ్గాలకు నెలకు ఇరవై అతుకులు తప్పకుండా వచ్చేవి. ఆమె ఇల్లు దాని మీదే నడిచింది.

ఆ ఆరు మగ్గాలూ ఒకే ఒక అంగడికి నేసేవి. అది ఇంగ్లండులో సముద్రం పక్కన ఉన్న ఒక చిన్న ఊళ్ళో ఉంది. దాన్ని నడిపే ఆమె పేరు నోరు తిరగక వీధిలో అందరూ తువ్వాళ్ళ దొరసాని అనేవారు. 2014 నుంచి ఆర్డరు వస్తూనే ఉంది. 2017లో ఆమే ఎమ్మిగనూరు వచ్చింది. జయన్న అనే నేతగాడి ఇంట్లో గుంట మగ్గం పక్కన చాప మీద కూర్చుని, మద్దమ్మ అతకడం గంటసేపు చూసింది. తర్వాత ఏదో అడిగింది.

"ఏమంటాందన్నా ఆమె?" అంది మద్దమ్మ, చెయ్యి ఆపకుండా.

"బూడిద ఎందుకని అడుగుతాంది," అన్నాడు మహేశ్వర్.

"యేలు నున్నగుంటే పోగు జారుతాదని సెప్పు. వాళ్ళ దేశంలో పొయ్యిలు లేవా అని కూడా అడుగు."

మహేశ్వర్ రెండో మాట చెప్పలేదు. మద్దమ్మ దొరసాని బొటనవేలికి బూడిద పూసి రెండు పోగులు చేతికిచ్చింది. ఆమె మూడుసార్లు నులిమింది, మూడుసార్లూ ఊడిపోయాయి. పోతూ పోతూ ఒక పని చెప్పి వెళ్ళింది. ప్రతి తువ్వాలు మూలకూ చిన్న గుడ్డ చీటీ కుట్టాలి, ఇండియాలో ఎమ్మిగనూరులో చేత్తో నేసినదని దాని మీద ఉండాలి. ఆ చీటీలు కుట్టే పని రూత్‌కు వచ్చింది. రూత్ అదే వీధి చివర ఉంటుంది, ఇంటర్ దాకా చదివింది. ఆ చీటీ చూసే జనం కొంటున్నారని దొరసాని తర్వాత రాసింది. పది తువ్వాళ్ళు అమ్మితే ఏడు సముద్రం దాటి జర్మనీ, ఫ్రాన్సు, ఐర్లాండు అంగళ్ళకు పోయేవి.

కరోనా ఏడాదిలో కూడా ఆర్డరు ఆగలేదు, రెండు నెలలు ఆలస్యమైంది అంతే. దెబ్బ 2021 జనవరిలో తగిలింది. నలభై తువ్వాళ్ళ పెట్టె ఒకటి ఇంగ్లండు నుంచి జర్మనీ పోయింది. అక్కడ మూడు వారాలు గోదాములో పడి ఉంది. కొన్న అంగడివాళ్ళు మేమెందుకు సుంకం కడతామని తిప్పి పంపారు. దాని వెనకే ఇంకో నాలుగు పెట్టెలు తిరిగొచ్చాయి. దొరసాని పంపిన పొడుగాటి మెసేజీ చదువుకుని మహేశ్వర్ జయన్న అరుగు మీదికొచ్చి కూర్చున్నాడు. మద్దమ్మ లోపల అతుకుతోంది. రూత్ చీటీలు పట్టుకుని గడపలో నిలబడింది.

"వాళ్ళు యూరప్‌లోంచి బయటికొచ్చినారంట," అన్నాడు మహేశ్వర్.

"యాడికొచ్చినారు? దేశం ఆడనే ఉంటాది గదన్నా," అన్నాడు జయన్న.

"దేశం ఆడనే ఉండాది. వేరుపడినారు. ఇరవై ఏడు మంది ఒక పక్క, వీళ్ళొకరూ ఒక పక్క."

"ఆస్తి పంచుకున్నారా?" లోపలి నుంచి మద్దమ్మ అడిగింది.

"అది మనకేల అక్కా? నడిమధ్య గోడ కట్టుకున్నారు, అదీ మన కత. ముందైతే మన మూట ఇంగ్లండులో ఒకసారి సుంకం కట్టి దిగితే, ఆడ నుంచి ఎట్లంటే అట్ల పోయేది. ఇప్పుడు గోడ దాటాలంటే మళ్ళా కట్టాల. పెట్టె పెట్టెకీ కాగితాలు."

"ఇంగ్లండు సరుక్కి సుంకం లేదని టీవీలో సెప్పినారే?" అంది రూత్.

"ఇంగ్లండులో చేసిన సరుక్కి లేదు. ఇది ఆడ చేసింది కాదు గదా. మనం నేసింది."

"మనం నేసినందుకా?" అన్నాడు జయన్న.

"మనం నేసినందుకే."

జయన్న గడ్డం గోక్కున్నాడు. "ఆ చీటీ పీకేస్తే?" అన్నాడు.

రూత్ నవ్వింది. "పీకేసి ఏమని కుట్టాల మామా? లండన్‌లో నేసిన జయన్న అనా?"

అందరూ నవ్వారు. మహేశ్వర్ నవ్వలేదు.

మార్చిలో ఇంకో మెసేజీ వచ్చింది. ఆర్డరు హోల్డ్‌లో పెడుతున్నానని, క్షమించమని, త్వరలో మంచి వార్త చెప్పాలని ఆశపడుతున్నానని రాసింది. మహేశ్వర్ ఆరు ఇళ్ళకూ తిరిగి ఒకే మాట చెప్పాడు. "నిల్పి పెట్టండంట."

ఆ మాటకు రెండు అర్థాలున్నాయి. పని ఆపమని కావచ్చు. ఉన్నది ఉన్నట్టు సిద్ధంగా ఉంచమని కూడా కావచ్చు. తాను ఏ అర్థంలో చెప్పాడో తర్వాత మహేశ్వర్‌కే గుర్తులేదు. నేతగాళ్ళు మాత్రం రెండోదే విన్నారు. ఆరుగురూ చేతిలో ఉన్న పడుగు ముగించి, జానెడు తోక వదిలి, గుడ్డ కోసి, మగ్గాలు అలాగే నిలిపి పెట్టారు. మద్దమ్మ ఇంటింటికీ పోయి తోకలను నలభై పోగుల చొప్పున కట్టలు కట్టింది. ఒక్కో మగ్గానికి నలభై ఆరు కట్టలు. కట్టకపోతే చిక్కుపడతాయి.

జూన్‌లో చేనేత సొసైటీ లుంగీల పని ఇస్తానంది. కూలి తక్కువ, కానీ నెల నెలా నూలు వస్తుంది. లుంగీకి అచ్చు వేరు. అది ఎక్కించాలంటే తువ్వాళ్ళ అచ్చు దించి, తోకతో సహా అటక మీద పెట్టాలి. నూలుకు పట్టిన గంజి వాసనకు అటక మీది అచ్చులకు ఎలుకలు పడతాయి. అందుకని మంచి పనిలో ఉన్న అచ్చును ఎవరూ దించరు.

జయన్న దించుదామా వద్దా అని రెండు రోజులు ఊగాడు. భార్య సుగుణమ్మ దించమంది. జయన్న మద్దమ్మను అడిగాడు.

"దించొద్దప్పా," అంది మద్దమ్మ. "నిల్పి పెట్టమని ఆమె సెప్పింది గదా. ఈ వారమే రాస్తే ఏం జేస్తావు? అచ్చులు ఎక్కించే లోపల ఆర్డరు వేరే ఊరోళ్ళకి పోతాది. ఏడేళ్ళు అన్నం పెట్టిన పని."

"నీకేమక్కా, నీ ఇరవై అతుకులు యాడ పోతాయో అని నీ బాధ," అంది సుగుణమ్మ.

"ఉండాది. ఎందుకు లేదూ," అంది మద్దమ్మ.

జయన్న దించలేదు. మిగతా అయిదుగురిలో నలుగురు దించి లుంగీలకు పోయారు. ఒకడు మగ్గం మూసి బెంగళూరులో కావలి పనికి వెళ్ళాడు. లుంగీల మగ్గాలకు వాళ్ళ ఇంటి ఆడవాళ్ళే పోగులు అతికారు. దసరా నాటికి అటకల మీది నాలుగు అచ్చుల్లో మూడింటి తోకలను ఎలుకలు కొరికేశాయి. నాలుగోదాని తోకను ఇంటివాళ్ళే కోసి, అచ్చును పాత సామానుకు ఇచ్చారు. తోకతో నిలబడి ఉన్నది జయన్న మగ్గం ఒక్కటే.

ఆ ఏడాది జయన్న వేరుశెనగ మిల్లులో మూటలు మోశాడు. వంగి వంగి మగ్గానికి అలవాటైన నడుము మూటకు నిలబడలేదు. మద్దమ్మ గోనెగండ్ల వైపు ఆటోలో మిరప కోతకు, పత్తి ఏరడానికి పోయింది. కానీ ప్రతి శనివారం జయన్న ఇంటికొచ్చేది. గుంటలోకి దిగి, తోక మీది దుమ్ము గుడ్డతో దులిపి, కట్టలు విప్పి, వేళ్ళతో దువ్వి, మళ్ళీ కట్టి, ఎండు వేపాకు పెట్టి పోయేది. దానికి ఎవరూ కూలి ఇవ్వలేదు, ఆమె అడగలేదు.

"ఏమక్కా, తోకకు తలంటినావా?" అనేవాడు జయన్న మొదట్లో. నాలుగైదు నెలలకు ఆ మాట మానేశాడు.

మహేశ్వర్ నెలకోసారి దొరసానికి రాసేవాడు. ఇంకా తేలలేదనీ, కొత్త కాగితాలు నేర్చుకుంటున్నాననీ, జర్మనీలో గోదాము అద్దెకు దొరుకుతుందేమో చూస్తున్నాననీ ఆమె జవాబిచ్చేది. అబద్ధం ఏమీ చెప్పలేదు. చిన్న అంగడి, ఇద్దరు మనుషులు. పెద్ద కంపెనీలు గోడకు అవతల ఇంకో గోదాము తెరుచుకున్నాయి. ఆమెకు ఆ స్తోమత లేదు. పదిలో ఏడు తువ్వాళ్ళు పోయాక మిగిలిన మూడింటితో అద్దె కూడా రాదు.

2022 మేలో ఆమె అంగడి మూసేస్తున్నట్టు రాసింది. రూత్ ఆ రోజు పాత చీటీల లెక్క అప్పజెప్పడానికి మహేశ్వర్ ఇంటికి వెళ్ళింది. మద్దమ్మ కూడా వెంట ఉంది. మహేశ్వర్ ఫోను రూత్ చేతికిచ్చాడు. ఆమె చివరి మెసేజీ చదివింది, వేలితో పైకి తోసుకుంటూ పాతవి చదివింది. ముందటేడాది మార్చి దగ్గర ఆగింది.

"మామా, ఈడ ఆర్డరు హోల్డ్ అని ఉండాది."

"ఆ. నిల్పి పెట్టమని."

"నిల్పి పెట్టమని కాదు మామా. ఆపమని."

"హోల్డ్ అంటే పట్టుకోమని గదమ్మా?"

"బస్సులో అయితే పట్టుకోమని. ఆర్డరులో అయితే ఆపమని. ఇంకా కింద రాసింది సూడు. వేరే పని దొరికితే నేతగాళ్ళని తీసుకోమను, నా కోసం మగ్గాలు ఖాళీగా పెట్టొద్దు అని రాసింది. ఇది నువ్వు సదవలేదా?"

మహేశ్వర్ ఫోను తీసుకుని చూశాడు. పొడుగాటి మెసేజీలో అది ఆఖరి వాక్యం. తెరమీద కనబడాలంటే ఇంకోసారి తోయాలి.

మద్దమ్మ లేచి నేరుగా జయన్న ఇంటికి పోయింది. జరిగింది చెప్పింది. దించొద్దన్నది నేనే అని కూడా చెప్పింది. జయన్న గోడకు ఆనుకుని విన్నాడు. సొసైటీ అప్పటికి కొత్త మగ్గాలు చేర్చుకోవడం ఆపేసింది. నూలు లేదంది.

"నువ్వంటే నేను ఇన్నానా అక్కా? నాకూ దించబుద్ధి కాలేదు," అన్నాడు. వంటింటి వైపు చూసి, "సుగుణమ్మకు మాత్రం ఇప్పుడే సెప్పొద్దు," అన్నాడు.

సుగుణమ్మ వంటింట్లోనే ఉంది. "ఇన్నాలే," అంది అక్కడి నుంచే.

ఆ ఏడాది చలికాలంలో జయన్న కుటుంబం మొదటిసారి సుగ్గికి పోయింది. మిరప కోతలకు నాలుగు నెలలు గుంటూరు పోయి గుడిసెల్లో ఉండడాన్ని ఇక్కడ సుగ్గి అంటారు. కూలి జనం ఏటా పోయేదే. మగ్గమున్న ఇళ్ళు మాత్రం పోయేవి కావు. పోయే ముందు జయన్న మగ్గం విప్పి, గుంట పూడ్చి, పైన సిమెంటు వేశాడు. కొయ్య వంటచెరుకు కింద పోయింది. అచ్చు విప్పేటప్పుడు మద్దమ్మ వచ్చి నిలబడింది.

"కొయ్యాల్నా?" అన్నాడు జయన్న, కత్తెర పట్టుకుని.

"కొయ్యొద్దు. నాకియ్యి."

"ఏం జేసుకుంటావు?"

ఆమె అచ్చును పాత చీరలో చుట్టి ఇంటికి తీసుకుపోయింది. ఎలుక అందుకోకుండా దూలానికి రెండు ఇనుప తీగలతో వేలాడదీసింది. మరుసటి వారం ఆదోని మిల్లులో చేరింది. ఆదివారం ఆదివారం దించి, దులిపి, వేపాకు మార్చి, మళ్ళీ కట్టేది.

మొన్న నవంబరులో ఒక ఆదివారం పొద్దున మహేశ్వర్ ఆమె ఇంటికొచ్చాడు. నూలు వ్యాపారం మానేసి ఇప్పుడు ఆయన రెడీమేడ్ బట్టల అంగడి నడుపుతున్నాడు. లోపలికి రాగానే దూలం వైపు చూశాడు.

"ఉండాది," అంది మద్దమ్మ.

"అందుకే వచ్చిన. మన దేశానికీ ఇంగ్లండుకూ ఒప్పందం అయింది గదా, జూలైలో సంతకాలు పెట్టినారు. అది నడుపులోకి వస్తే మన తువ్వాలకి ఆడ సుంకం ఉండదంట. చెన్నై ఏజెంటు ఫోను చేసినాడు. ఎవరో కొత్త అంగడోళ్ళు పాత తువ్వాల సూసినారంట, చీటీ మీద ఊరి పేరు పట్టుకుని ఎతుక్కుంటా వచ్చినారు. శాంపులు అడుగుతాండారు."

మద్దమ్మ స్టూలు ఎక్కి అచ్చు దించింది. చీర విప్పింది. పోగులు కాస్త పసుపు తిరిగాయి, అంతే. ఒక కట్ట విప్పి కొస నులిమి చూసింది. బూడిద లేకుండానే వేళ్ళ మధ్య పోగు నిలిచింది.

"జయన్న ఉన్నాడు. నెలాఖరు దాకా సుగ్గికి పోడు. పా," అంది.

జయన్న తన ఇంటి ముందు సిమెంటు తట్ట కడుక్కుంటున్నాడు. తాపీ మేస్త్రీ దగ్గర పనికి బయలుదేరబోతున్నాడు. మద్దమ్మ చంకలోని చీర మూటను గుర్తుపట్టాడు. మహేశ్వర్ చెప్పిందంతా విన్నాడు.

"ఎన్ని తువ్వాళ్ళు?"

"పన్నెండు."

"పన్నెండు నేసినాక?"

"సూసి సెప్తామన్నారు."

"నిల్పి పెట్టమన్నారా?" అన్నాడు జయన్న.

మహేశ్వర్ తల దించుకున్నాడు.

"గోడ పోయిందా అన్నా?" అంది మద్దమ్మ, మాట మార్చడానికి.

"గోడ అట్లనే ఉండాది. ఇది ఇంగ్లండు వరకే."

"పన్నెండు తువ్వాళ్ళకి సిమెంటు పగలగొట్టి గుంట తవ్వాల. కొయ్య కొనాల. మగ్గం నిలబెట్టేసరికి సుగ్గి కాలం వస్తాది," అన్నాడు జయన్న. గొంతులో కోపం లేదు. "కోతలకు పోయినేడే అడ్వాన్సు తీసుకుని ఉండా అక్కా. కోతల మేస్త్రీ లారీ పంపుతాడు. నేను లేకుంటే సుగుణమ్మ ఒక్కతే పోవాల."

మద్దమ్మ తల ఊపింది. ఈసారి వద్దని గానీ, ఉండమని గానీ ఆమె అనలేదు.

లుంగీలకు పోయిన నాలుగు మగ్గాల్లో రెండు మిగిలాయి. వాళ్ళు సొసైటీ నూలు వదిలి రాలేమన్నారు. మధ్యాహ్నానికి మహేశ్వర్ చెన్నైకి ఫోను చేసి, ఇక్కడ కుదరదని చెప్పేశాడు. తర్వాత కాస్త మొహమాటంగా మద్దమ్మతో ఇంకో మాట చెప్పాడు. కోడుమూరులో ఒక నేతగాడికి ఈ కొలత స్టీలు అచ్చు కావాలి. ఆయన నేసేది చీరలు. వాటి నూలు వేరు, ఈ పాత పోగులకు అతకదు. పాత పోగులు తీసేసి ఖాళీ అచ్చు ఇవ్వాలి.

"ఆయప్పకి పని ఉండాదా?" అని అడిగింది మద్దమ్మ.

"ఉండాది. మూడు నెలలకి సరిపడా ఉండాది."

"అయితే ఇస్తా. సాయంత్రం రా."

మహేశ్వర్ వెళ్ళాక ఆమె అచ్చును గడప దగ్గర వెలుతురులో పెట్టుకుని కత్తెర తీసుకుంది. ఒక్కో కట్ట విప్పి, పోగులు లెక్కపెట్టి, కోసి, పక్కన పెట్టింది. లెక్కపెట్టమని ఎవరూ అడగలేదు. అతకడానికి కూర్చుంటే ముందు లెక్క చూసుకోవడం అత్త నేర్పిన అలవాటు. నలభై అయిదు కట్టల్లోనూ నలభై పోగుల చొప్పున ఉన్నాయి. చివరి కట్ట రెండుసార్లు లెక్కపెట్టింది. అందులో ముప్ఫై తొమ్మిదే ఉన్నాయి. చీర దులిపి చూసింది, అచ్చు పళ్ళ మధ్య గోటితో వెతికింది, దూలం కింద నేల మీద చూసింది. దొరకలేదు.

మగ్గం నిలిపిన నాలుగేళ్ళ ఎనిమిది నెలలకు మొత్తం పద్దెనిమిది వందల ముప్ఫై తొమ్మిది.